ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్: ఫోన్ చేతిలో పెట్టుకుని చూడాలా, పక్కన పడేసి చూడాలా?

టైమ్: ఫోన్ లేకపోతే 90 నిమిషాలు, మహా అయితే ఎక్స్‌ట్రా టైమూ పెనాల్టీలూ. ఫోన్ ఉంటే వారం ముందు నుంచే "ఈసారి కప్పు మనదే" గోల, ఓడితే ఇంకో వారం ఏడుపు.

హైప్: ఫోన్ లేనంత మాత్రాన తప్పించుకోలేం లెండి, 1992లో స్వీడన్ చేతిలో ఓడినందుకు ద సన్ పేపర్ కోచ్ గ్రాహం టేలర్ తలని టర్నిప్ దుంపలా చేసి అచ్చేసింది, అప్పుడు ఎవడి చేతిలో ఫోనుంది?

రిస్క్: అసలు సంగతి ఇదే. 2021 జూలై 11, వెంబ్లీ, ఇటలీతో యూరో ఫైనల్. పెనాల్టీల్లో ఇంగ్లండ్ కుర్రాళ్లలో రాష్‌ఫర్డ్ కొట్టింది గోల్ పోస్ట్‌కి తగిలింది, సాంచో, సాకావి ఇటలీ గోల్‌కీపర్ డోనరుమ్మా ఆపేశాడు. సాకాకి అప్పటికి 19 ఏళ్లే. టీవీ కట్టేసినవాడు ఓడాం అనుకుని పడుకున్నాడు, ఫోన్ తెరిచినవాడికి ఆ ముగ్గురు నల్లజాతి ఆటగాళ్ల సోషల్ మీడియా పోస్టుల కింద కోతి ఎమోజీలు, రంగు మీద బూతులు.

రాజకీయం: ఇక్కడ మాత్రం ఫోన్‌దే పైచేయి. జాతివివక్షకి నిరసనగా ఆటగాళ్లు మ్యాచ్ ముందు మోకాలి మీద కూర్చోవడాన్ని ఉత్త షో రాజకీయం అన్నట్టు మాట్లాడిన అప్పటి బ్రిటన్ హోం మంత్రి ప్రీతి పటేల్ ఫైనల్ తర్వాత ఆ బూతుల్ని ఖండిస్తే, ఇంగ్లండ్ ఆటగాడు టైరోన్ మింగ్స్ మంట రాజేసింది మీరే కదా అని నిలదీశాడు. మ్యాచ్ ఒక్కటే చూస్తే ఇదంతా తెలీదు.

గ్రూప్ స్టేజ్ అయితే ఫోన్ ఉంచుకోండి, జోకులు బావుంటాయి. నాకౌట్‌కి సైలెంట్‌లో పెట్టండి. పెనాల్టీలకి వెళ్లిందా, వేరే గదిలో పడేసి తెల్లారాక తీయండి.