పరీక్ష ముందు సంస్కృత వ్యాకరణం: వల్లె వేయాలా, పాఠం విప్పాలా, రాసి చూడాలా?

డిగ్రీలో ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకున్నవాళ్ళకు సెమిస్టర్ చివర్లో ఒకటే టెన్షన్. శ్లోకాలు, సారాంశాలు ఎలాగోలా గట్టెక్కుతాయి. వ్యాకరణం మాత్రం ఎప్పటికప్పుడు రేపటికి వాయిదా పడి, చివరికి రెండు మూడు వారాల్లో పూర్తి చేయాల్సిన బరువుగా మిగులుతుంది. ఇంటర్లో మార్కులు బాగా వస్తాయని సంస్కృతం తీసుకున్నవాళ్ళకైతే మరీ కష్టం. అప్పుడు వ్యాకరణాన్ని తాకీ తాకకుండా దాటేశారు, ఇప్పుడది తప్పదు.

పరీక్షలు దగ్గరపడ్డాయంటే హనుమకొండలో నయీంనగర్, కిషన్‌పుర వైపు హాస్టల్ గదుల్లో "రామః రామౌ రామాః" మొదలవుతుంది. కొందరు గైడు ముందేసుకుని పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తారు. ఎవరో సీనియర్ సూత్రాలు చదివితేనే వ్యాకరణం వస్తుందని చెప్పి ఇంకాస్త భయపెడతాడు. నేను ట్యూషన్ చెప్పేటప్పుడు పిల్లలు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే: "సార్, ఏది పట్టుకుంటే పని అయితది?"

ముందు వల్లె సంగతి. దీన్ని చులకన చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. విభక్తి రూపం నోట్లో లేనివాడు వాక్యం చూసి ఏం చేస్తాడు? అయితే మనవాళ్ళు వల్లె వేసే తీరులోనే ఒక లోపం ఉంది. ప్రథమ నుంచి సంబోధన దాకా ఒకే దమ్ములో చెప్తారు. "హరి శబ్దం, షష్ఠి బహువచనం చెప్పు బిడ్డా" అని మధ్యలో ఆపి అడగండి. కళ్ళు మూసుకుని మళ్ళీ "హరిః హరీ హరయః" దగ్గర మొదలుపెట్టి "హరీణామ్" దాకా నడుచుకుంటూ వస్తాడు. పరీక్ష హాల్లో అంత తీరిక ఉండదు. అందుకే వరసగా ఒకసారి వచ్చాక, ఇక వరస తప్పించి చెప్పించుకోవాలి. స్నేహితుడి చేతికి పుస్తకం ఇచ్చి, ఎక్కడ పడితే అక్కడ అడగమనండి.

రెండో చిక్కు మరీ తమాషాగా ఉంటుంది. అందరికీ బాగా వచ్చేది రామ శబ్దమే. దాన్నే అచ్చుగా పెట్టుకుని మిగతా అకారాంతాలన్నీ పోతపోస్తారు. తృతీయా ఏకవచనం "రామేణ" కాబట్టి "బాలకేణ" అని రాసేస్తారు. రామ శబ్దంలో రేఫ (ర్ ధ్వని) ఉంది కాబట్టి అక్కడ న కాస్తా ణ అయింది. బాలకుడిలో రేఫా లేదు, షకారమూ లేదు, కనుక "బాలకేన". అలాగే "రామాణామ్", కానీ "బాలకానామ్". రామ పక్కనే దేవ శబ్దాన్ని కూడా పెట్టుకుని చదివితే ఈ తప్పు మొదట్లోనే పోతుంది.

వల్లెలో దేనికి ముందు చోటివ్వాలంటే, నేను సర్వనామాలకే ఇస్తాను. తద్ శబ్దం (అతడు, ఆమె, అది) మూడు లింగాల్లో పక్కాగా వస్తే ఏతద్, యద్, కిమ్, సర్వ దాదాపుగా దాని వెంటే వచ్చేస్తాయి. తస్మై, తస్మాత్, తస్మిన్ ఒకవైపు, స్త్రీలింగంలో తస్యై, తస్యాః, తస్యామ్ ఒకవైపు. ఏ పాఠం తెరిచినా ఇవి లేని పేరా ఉండదు. అస్మద్, యుష్మద్ వీటి తర్వాత. ఆ పైన హరి, గురు, రమా, నదీ, ఫల, పితృ, రాజన్. ధాతువుల్లో గమ్, అస్, కృ తప్పనిసరి. ఆత్మనేపదానికి ("లభతే" లాగా తే తో నడిచే క్రియారూపాల వరసకు) లభ్ ఒకటి చాలు. లకారాలు, అంటే కాలాన్నీ ఆజ్ఞ లాంటి భావాలనూ చెప్పే క్రియారూపాలు, పది ఉన్నా ఈ స్థాయిలో ఎక్కువగా పని పడేది లట్ (వర్తమానం), లోట్ (ఆజ్ఞ), లఙ్ (భూతకాలం), విధిలిఙ్ (చేయాలి అనే అర్థం), లృట్ (భవిష్యత్తు) అనే ఐదింటితోనే. లిట్, లుఙ్ మీ సిలబస్‌లో ఉంటే తప్ప వాటి జోలికి పోకండి.

ఇక పాఠం విప్పడం. అంటే ఒక గద్యభాగం తీసుకుని సంధులు విడదీసి, ఒక్కో పదం ఏ విభక్తో, ఏ లకారమో చెప్పి, అన్వయం కుదర్చడం. మన మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథ సూరి కావ్యవ్యాఖ్యానాలు నడిచిన దారి ఇదే. అన్వయం మీదుగానే అంతా వివరిస్తాననీ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే చెప్పుకున్నాడు. పరీక్షకు చదివేవాడు ఆ చివరి మాట గోడకు రాసిపెట్టుకున్నా తప్పులేదు.

ఒక వాక్యం విప్పి చూద్దాం: "అథ గచ్ఛతి కాలే బాలో గురోర్గృహమాగత్య తస్మై ఫలాని దత్త్వా తమపృచ్ఛత్."

గమ్ ధాతువు బాగా వల్లె వేసినవాడు రెండో పదం దగ్గరే జారతాడు. "గచ్ఛతి" కనిపించగానే లట్, ప్రథమపురుష, ఏకవచనం అనేసి "వెళ్తున్నాడు" అని రాస్తాడు. వెళ్ళేదెవరు మరి? వాక్యం చివర "అపృచ్ఛత్" అనే క్రియ కూర్చుని ఉంది. ఇక్కడి "గచ్ఛతి" క్రియే కాదు, శతృ ప్రత్యయాంతం, అంటే "వెళ్తూ ఉన్న" లాంటి అర్థమిచ్చే విశేషణం. "కాలే" సప్తమిలో ఉంది కాబట్టి ఇదీ సప్తమే. కాలం గడుస్తుండగా అని అర్థం. దీన్నే సతి సప్తమి అంటారు. ఇది పట్టికలో కనిపించదు, వాక్యంలోనే కనిపిస్తుంది.

తర్వాత "బాలో" చూడండి. బాలః పక్కన గకారం వచ్చింది, విసర్గకు ముందు అ ఉంది, కనుక ఓ అయింది. ఆ వెంటనే "గురోర్గృహమ్". ఇక్కడా విసర్గ పక్కన గకారమే, కానీ విసర్గకు ముందున్నది ఓ, అందుకే ర్ అయింది. విసర్గసంధిలో రెండు ముఖ్యమైన మలుపులు ఒకే వాక్యంలో పక్కపక్కనే దొరికాయి. "గురోః" పంచమి కావచ్చు, షష్ఠి కావచ్చు. పక్కన గృహం ఉంది కాబట్టి షష్ఠి. వచ్చి, ఇచ్చి లాంటి అర్థాలకు వాడే ప్రత్యయాలు రెండు: "ఆగత్య" లో ఆ అనే ఉపసర్గ ఉంది గనక ల్యప్, "దత్త్వా" లో ఉపసర్గ లేదు గనక క్త్వా. ఇచ్చినది గురువుకు, అందుకే "తస్మై" చతుర్థి. అడిగినది గురువును, అందుకే "తమ్" ద్వితీయ. ఒక్క వాక్యంతో అరగంట గడిచిపోతుంది, నిజమే. కానీ ఆ అరగంటలో పట్టికలు, సంధులు, కృదంతాలు (ధాతువుల నుంచి పుట్టిన పదాలు), కారకాలు (క్రియతో పదాలకున్న సంబంధాలు) అన్నీ ఒకసారి కదులుతాయి.

ఈ పద్ధతికీ ఒక బలహీనత ఉంది. ఎదురుగా వాక్యం ఉంటే అర్థం ఊహించేయొచ్చు. కథ తెలిసిన పాఠమైతే విభక్తి చూడకుండానే తాత్పర్యం చెప్పేస్తారు. అంతా వచ్చినట్టే ఉంటుంది, ఖాళీ కాగితం ముందు మాత్రం చేయి ఆడదు.

అందుకే నా మొగ్గు మూడోదానికి, అంటే తెలుగు వాక్యాన్ని సంస్కృతంలో రాయడానికి. పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా ఎగ్గొట్టేది దీన్నే. మనకు సంస్కృతంలో వచ్చే తప్పుల్లో చాలా వాటికి మూలం తెలుగే. వాటిని బయటికి లాగాలంటే తెలుగు నుంచే బయలుదేరాలి.

"పిల్లవాడు పాముకు భయపడుతున్నాడు." తెలుగులో కు ఉంది కదా అని చతుర్థి పెట్టి "సర్పాయ" అంటారు. సంస్కృతంలో భయానికి కారణమైనది పంచమిలో ఉండాలి: "బాలః సర్పాత్ బిభేతి." "గురువు శిష్యుడి మీద కోపగించుకుంటున్నాడు." మీద అని ఉంది, సప్తమి వేసేస్తారు. కావాల్సింది చతుర్థి: "గురుః శిష్యాయ కుప్యతి." "నాకు పాలు ఇష్టం" దగ్గర మాత్రం తెలుగు మనకు తోడొస్తుంది, "మహ్యం క్షీరం రోచతే", నాకు అన్నచోట చతుర్థే. అయితే పాలు మనకు బహువచనం, క్షీరం ఏకవచనం. "రోచన్తే" అని రాస్తే మార్కు పోయినట్టే.

"నాకు ఇద్దరు అన్నలున్నారు" అనే చిన్న వాక్యంలో ఎన్ని గుంటలున్నాయో చూడండి. ఇక్కడి నాకు చతుర్థి కాదు, షష్ఠి. ఇద్దరు కాబట్టి ద్వివచనం. అన్నలు ద్వివచనంలో ఉంటే క్రియ కూడా ద్వివచనంలోకి వెళ్ళాలి: "మమ ద్వౌ అగ్రజౌ స్తః." తెలుగులో ద్వివచనం లేదు, కాబట్టి పట్టికలో మధ్య వరుస ఎంత వల్లె వేసినా రాసేటప్పుడు గుర్తుకు రాదు. ద్వౌ రాసి పక్కనే "అగ్రజాః సన్తి" అని రాసిన కాగితాలు ఎన్ని దిద్దానో లెక్కలేదు.

విశేషణాలదీ అదే కథ. మంచి పిల్లవాడు, మంచి పిల్ల, మంచి ఊళ్ళో అన్నా మన "మంచి" కదలదు, మెదలదు. సంస్కృతంలో సుందరః బాలకః, సుందరీ బాలికా, సుందరే నగరే. విశేష్యం ఎటు తిరిగితే విశేషణం అటు తిరగాలి. లింగం కూడా మనిషిని చూసి నిర్ణయించేది కాదు: మిత్రం నపుంసకం, భార్య అనే అర్థంలో కళత్రం నపుంసకం, దారాః పుంలింగం, అదీ బహువచనం. ఇక "దేవాయ నమః" సరే, "దేవాయ నమస్కరోమి" అని రాయకండి, క్రియ వచ్చిందంటే "దేవం నమస్కరోమి."

రోజుకు ఆరేడు వాక్యాలు చాలు. ఏ వాక్యం దగ్గర ఆగారో ఆ రాత్రి ఆ పట్టికే వల్లె వేయండి. అప్పుడు వల్లెకూ ఒక దారి దొరుకుతుంది, శబ్దరూపాల పట్టికల పుస్తకం శబ్దమంజరిని మొత్తం మొదటి పేజీ నుంచి తిరగేయాల్సిన పని ఉండదు. ఇబ్బందల్లా దిద్దేవాళ్ళు ఉండాలి. లెక్చరర్‌ను అడగడానికి మొహమాటపడితే, పాఠ్యపుస్తకంలోని సంస్కృత వాక్యాలను ముందు తెలుగులో రాసుకుని, రెండు రోజులాగి, పుస్తకం మూసి తిరిగి సంస్కృతంలోకి మార్చండి. అప్పుడు దిద్దే పని మూలమే చేస్తుంది.

తెలుగు మనల్ని పడేయడమే కాదు, చేయి కూడా అందిస్తుంది. సవర్ణదీర్ఘ, గుణ, వృద్ధి, యణాదేశ సంధులు బడిలో తెలుగు క్లాసులోనే చదివేశాం. క్త్వార్థకం, శత్రర్థకం, తుమున్నర్థకం అన్న పేర్లు కూడా అక్కడివే. వచ్చి, వస్తూ, రావడానికి అంటే ఏమిటో తెలిసినవాడికి ఆగత్య, ఆగచ్ఛన్, ఆగన్తుమ్ కొత్త కావు. కాబట్టి అచ్‌సంధులకు (అచ్చుల సంధులకు) ఒక పూట మించి ఇవ్వకండి. మిగిలిన సమయం హల్‌సంధులకూ విసర్గసంధులకూ పెట్టండి. సజ్జనః, జగదీశః, జగన్నాథః అన్న మూడు మాటలు విడదీయడం వస్తే శ్చుత్వ, జశ్త్వ, అనునాసిక సంధులు చేతికి వచ్చినట్టే.

సూత్రాల గురించి ఎక్కువ చెప్పను. పాణిని వ్యాకరణగ్రంథం అష్టాధ్యాయిలో దాదాపు 4000 సూత్రాలు. ప్రాచ్య కళాశాలల్లో లఘుకౌముది (ఆ సూత్రాలను ఎంచి కుదించిన పాఠ్యగ్రంథం) పాఠంగా చదివేవాళ్ళకు అవి ప్రాణం. ద్వితీయ భాష వాళ్ళు "ఇకో యణచి", "ఆద్గుణః", "వృద్ధిరేచి", "అకః సవర్ణే దీర్ఘః" అనే నాలుగు తెలుసుకుంటే జవాబుకు అందం వస్తుంది. ప్రత్యాహారాలు (అక్షరాల గుంపులకు పెట్టిన పొట్టిపేర్లు), అనువృత్తి (ముందు సూత్రంలోని మాట తర్వాతి సూత్రానికి సాగడం) అంటూ మూడు వారాల ముందు మొదలుపెడితే పాఠం మిగిలిపోతుంది. ఆ సీనియర్ మాట సెలవుల్లో వినండి.

పాత ప్రశ్నపత్రాలు చివరి నాలుగైదు రోజులకు బాగుంటాయి. ప్రశ్న ఎలా అడుగుతారో, దేనికెంత టైమ్ పడుతుందో తెలుస్తుంది. వాటితోనే మొదలుపెట్టేవాళ్ళు మాత్రం జవాబులను నేర్చుకుంటారు, వ్యాకరణాన్ని కాదు. "మహర్షిః" విడదీసినవాడే "రాజర్షిః" వస్తే తెల్లమొహం వేస్తాడు.

లిపి గురించి ఒక మాట. తెలుగు లిపిలో చదివితే సంస్కృతం రాదని కొందరు అంటారు. వేయిస్తంభాల గుడి దగ్గరున్న కాకతీయ రుద్రదేవుడి 1163 నాటి శాసనం ప్రధానంగా సంస్కృతమే, ఉన్నది మాత్రం ఆ కాలపు తెలుగు-కన్నడ లిపిలో. కాబట్టి చదువుకోవడానికి తెలుగు లిపి పుస్తకం వాడుకోవచ్చు. పరీక్ష దేవనాగరిలో రాయాల్సి ఉంటే మాత్రం పైన చెప్పిన వాక్యాలన్నీ మొదటి రోజు నుంచే దేవనాగరిలో రాయండి. ఘ, ధ ఒకదానికొకటి, భ, మ ఒకదానికొకటి, ష, ప ఒకదానికొకటి మారిపోవడం అలవాటు లేని చేతికి మామూలే. అవి దిద్దేవాళ్ళకు లిపిదోషంగా కాదు, తప్పు రూపంగానే కనిపిస్తాయి.

జనగామ నుంచో, మహబూబాబాద్ నుంచో రోజూ రైల్లో వచ్చిపోయేవాళ్ళు పట్టికలను ప్రయాణానికి వదిలేయండి; నిలబడి కూడా చెప్పుకోవచ్చు. ఇంటికెళ్ళాక దొరికే గంట రాయడానికే పెట్టుకోండి, పాఠం విప్పడం ఆదివారాలకు పెట్టుకున్నా సరిపోతుంది.