మిగిలిన గుడ్డముక్కలతో కుట్టుకున్న నోట్‌బుక్కులు: కొన్నేళ్లు వాడాక

తిరుపతిలో మా ఇంటి ముందుగదిలోనే నా కుట్టుమిషన్. జాకెట్లకు పోగా మిగిలిన ముక్కలు, చీర పెట్టెల అట్టలు, ఒకవైపే ప్రింటు పడిన కాగితాలు కలిపి నోట్‌బుక్కులు కుట్టుకుని కొన్నేళ్లుగా వాడుతున్నాను. కస్టమర్ల కొలతలు, పాల లెక్క, మా అమ్మాయి చిత్తు లెక్కలు అన్నీ వీటిలోనే. కుట్టిన రోజు ప్రతి పుస్తకమూ ముద్దుగానే ఉంటుంది. ఏది నిలిచింది, ఏది ఊడిందన్నది వాడితేనే తెలుస్తుంది.

నా లెక్కలో పుస్తకం ఆయుష్షంతా కుట్టులో ఉంది. అట్ట ఎంత అందంగా ఉన్నా తర్వాతి మాటే.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తినేది కొలతల పుస్తకం. రోజంతా తెరుస్తూ మూస్తూ ఉంటాను, మిషన్ మీద బోర్లా పడేస్తాను. దానికి కాగితాలన్నీ కలిపి ఒకే మడత, ఐదు చిల్లుల కుట్టు చాలు. ఏ4 కాగితాలు పన్నెండు మధ్యకు మడిస్తే ఏ5 సైజులో 48 పేజీలు వస్తాయి. అంతకు మించితే లోపలి కాగితాలు అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి, జిరాక్స్ షాపులో కటింగ్‌కి ఇవ్వాల్సిందే. చిల్లులు సరిగ్గా మడత గీత మీదే పడాలి, అందుకని ముందే దబ్బనంతో పొడిచి పెట్టుకుంటాను. దారం నడిమి చిల్లులో మొదలై ఒక కొసదాకా పోయి, తిరిగొచ్చి, నడిమిది దాటి రెండో కొస చూసుకుని మళ్లీ నడిమికే వస్తుంది. మిగిలిన దారం కొసలు రెండిటినీ నడిమి పొడుగు కుట్టుకు అటొకటి ఇటొకటి ఉంచి ముడేస్తే ఇక కదలదు.

దారం దగ్గరే అసలు తేడా. జాకెట్లు కుట్టే సన్న దారం ఒంటిపోగైతే కాగితాన్ని కోసేస్తుంది. చిల్లు చీలికవుతుంది, నడిమి పేజీ ఊడుతుంది. పూలు కట్టే దారం (తిరుపతిలో దానికేం కరువు!) మెత్తగా ఉంటుంది కానీ పోగులు విడిపోయి తెగింది. జీన్స్ కుట్టే లావు దారాన్ని కొవ్వొత్తికి రుద్ది వాడినవి మాత్రం ఇప్పటికీ బిగువు వదల్లేదు. లాగేటప్పుడు పుస్తకం వెన్ను పొడవునా లాగాలి. పైకి ఎత్తి లాగితే ఎంత మంచి కాగితమైనా చిరుగుతుంది.

లావు పుస్తకం కావాలంటే మడిచిన చిన్నచిన్న కాగితాల కట్టలను ఒకదానికొకటి గొలుసుకుట్టుతో కలిపే కాప్టిక్ పద్ధతి ఉంది. ఈజిప్టు క్రైస్తవులు వాడిన చాలా పాత పద్ధతి అది. బల్ల మీద పూర్తిగా పరుచుకుంటుంది, డ్రాయింగ్‌కి హాయి. కానీ వెన్ను మీద దారం బయటికే ఉంటుంది. స్కూలు బ్యాగులో జామెట్రీ బాక్సుకు తగులుకుని మా అమ్మాయి పుస్తకం పైఅట్ట వదులైపోయింది. ఇంట్లో వాడకానికీ, బహుమతికీ అయితే సరే.

ఇక అట్టలు. పట్టు జాకెట్ ముక్కలు చూడ్డానికే. అంచులు పోగులు లేస్తాయి, పలచటి గుడ్డలోంచి ఫెవికాల్ పైకి ఊరి మరక పడుతుంది. ముందు గుడ్డ వెనక పలచటి కాగితం అంటించి, ఆరాక అట్టకు అంటిస్తే ఆ బాధ ఉండదు. శ్రీకాళహస్తి కలంకారీ ముక్క దొరికితే మాత్రం వదలను. మందపాటి నూలు, జిగురు పైకి రాలేదు, చేతి చెమటకు రంగూ దిగలేదు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ కదా, మొదట్లో కొంచెం వాసన, తర్వాత పోతుంది.

పాత పెళ్లి పత్రికలు గట్టిగా ఉంటాయి కానీ మడత దగ్గర పైపొర పెచ్చులు లేస్తుంది, వెన్నుకు గుడ్డపట్టీ తప్పనిసరి. పత్రిక మీద స్వామి బొమ్మ ఉంటే ఆ భాగం కత్తిరించి దేవుడి గూట్లో పెట్టేస్తాను, కాళ్ల దగ్గర పడే పుస్తకానికి అది వద్దు. ఒకావిడ కొలతలిస్తూ “ఏమక్కా, మా పత్రిక నీ దగ్గర ఇంకా భద్రంగా ఉందే!” అని తెగ సంబరపడింది.

మైదా జిగురు చవకే. కానీ నవంబరు, డిసెంబరు వానల్లో బూజు పడుతుంది, బొద్దింకలు కొరుకుతాయి. బైండింగ్ వాళ్లు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో నాకు వద్దు. ఎండాకాలంలో అట్టలు వంకరపోయే బాధ వేరే. అట్టకు ఒకవైపే గుడ్డ అంటిస్తే ఆరేటప్పుడు అటే లాగేస్తుంది. లోపలివైపు కూడా కాగితం అంటించి, రాత్రంతా బియ్యం డబ్బా కింద పెట్టాలి.

లోపమూ చెప్పాలి. ఏ4 కాగితంలో నార సాధారణంగా పొడవువైపు ఉంటుంది, మనం మడిచేది దానికి అడ్డంగా. అందుకే పుస్తకం నోరు పూర్తిగా మూయదు. పైన ఒక ఎలాస్టిక్ ముక్క కుట్టి సరిపెట్టుకున్నాను.

ఏడాది పొడుగునా రాసే బాకీల లెక్కకు మాత్రం గాంధీ రోడ్డులో గీతల లెడ్జరే కొంటాను. ఖాళీ కాగితం మీద అంకెలు వరసగా నిలబడవు, కూడికలో గొడవలొస్తాయి.