మొదటి డబుల్ బేస్ కోసం తిరిగిన చోట్లు

బేస్ గిటార్ కొనడానికి పెద్దగా తిరగక్కర్లేదు. ఫొటో చూసి ఆర్డర్ పెట్టినా చాలావరకు అనుకున్నదే చేతికొస్తుంది. నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి డబుల్ బేస్ (అప్‌రైట్ అని కూడా అంటారు) సంగతి అలా కాదు. ఒకే చోట తయారై, ఒకే మోడల్ పేరుతో వచ్చిన రెండింటిని పక్కపక్కన పెట్టి మీటితే ఒకటి గదంతా మోగుతుంది, రెండోది జలుబు చేసిన గొంతులా పలుకుతుంది. కాబట్టి ఏళ్ల తరబడి ఎలక్ట్రిక్ వాయించి ఇప్పుడు అప్‌రైట్ కావాలనుకునేవాళ్లకి ప్రయాణం తప్పదు. నేను వెళ్లిన చోట్లలో ఎవరు ఎలా చూశారో, మళ్లీ ఎక్కడికి వెళ్తానో, ఎక్కడికి వెళ్లనో రాస్తున్నాను.

బయల్దేరే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. కొన్ని వారాలైనా ఒక బేస్ అద్దెకు తీసుకుని, గురువు దగ్గర నాలుగు పాఠాలు నేర్చుకోవాలి. శ్రుతి రెంటికీ ఒకటే: ఇ, ఎ, డి, జి. అన్నిటికంటే కింది ఇ తీగ రెండింటిలోనూ దాదాపు 41 హెర్ట్జే. అది చూసి ధైర్యం వస్తుంది గానీ, ఎడమచేతికి తెలిసిన కొలతలు మాత్రం ఇక్కడ పనికిరావు. ఎలక్ట్రిక్ మీద మోగే తీగ పొడవు మామూలుగా 34 అంగుళాలు, ఇక్కడ 41 నుంచి 42. ఫ్రెట్లు (ఎక్కడ నొక్కాలో చూపే లోహపు గీతలు) లేవు. అక్కడ నాలుగు వేళ్లకి నాలుగు ఫ్రెట్లు అందేవి. ఇక్కడ కింది పొజిషన్లలో చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు మాత్రమే స్వరాలు నొక్కుతాయి. ఉంగరంవేలు చిటికెనవేలికి ఆసరాగా ఉంటుంది. అలా చేతికి అందేది రెండు అరస్వరాల దూరమే. డబుల్ బేస్ నేర్పడానికి వాడే సిమాండల్ పద్ధతి నేర్పేది ఇదే. ఈ పట్టు కాస్తయినా అలవాటు కాకుండా షాపుకి వెళ్తే ప్రతి బేసూ కష్టంగానే అనిపిస్తుంది, మంచిదేదో చెడ్డదేదో తెలియదు. (అమెరికన్ బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ వచ్చింది ఎదురు దారిలో. ముందు అప్‌రైట్, తర్వాత ఫెండర్ ప్రెసిషన్ అనే ఎలక్ట్రిక్ బేస్. ఎలక్ట్రిక్ మీద కూడా కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు.)

మొదట వెళ్లింది ఒక పెద్ద మ్యూజిక్ స్టోర్‌కి. హాలు నిండా గిటార్లు, కీబోర్డులు, డ్రమ్ములు. ఓ మూల గోడకి ఆనించి కొన్ని డబుల్ బేస్‌లు. సేల్స్ కుర్రాడు మర్యాదగానే ఉన్నాడు, కానీ అతనికి తెలిసింది గిటార్లే. ఒక్క బేస్‌కీ శ్రుతి లేదు. ఒకదాని బ్రిడ్జ్ (తీగల్ని ఎత్తి పట్టే చెక్క) పైభాగం ఫింగర్‌బోర్డ్ (వేళ్లతో తీగలు నొక్కే పలక) వైపు ఒరిగిపోయి ఉంది. జి తీగ ఫింగర్‌బోర్డ్ చివర సెంటీమీటరు పైనే ఉంది. అంత ఎత్తులో ఉంటే పావుగంటకి వేళ్లు లేవవు. ఇంకోదాని ఫింగర్‌బోర్డ్ నల్లగా నిగనిగలాడుతోంది. అంచు దగ్గర చూస్తే రంగు కింద తెల్లని చెక్క బయటపడింది. ఎబొనీ (సహజంగానే నల్లగా ఉండే గట్టి చెక్క) కాదు, నల్లరంగు వేసిన మామూలు చెక్క. పైగా పక్కనే ఎవరో గిటార్ ఆంప్ పెద్దగా పెట్టి వాయిస్తుంటే ఇ తీగ నాకే వినిపించలేదు. వాపసు నియమాలు మాత్రం బాగున్నాయి, అది ఒప్పుకోవాలి. సైజు చూసుకోవడానికి, కవరో స్టాండో కొనడానికి వెళ్లొచ్చు. వాయిద్యం కోసమైతే నేను వెళ్లను. సైజు గురించి ఒక మాట: పెద్దవాళ్లు వాయించేది మామూలుగా త్రీ-ఫోర్త్ సైజే. ఆ పేరు చూసి పిల్లలదేమో అనుకోవద్దు.

ఆన్‌లైన్‌లో అమ్మే చౌక బేస్‌ల గురించి ఎక్కువ రాయను. పెట్టె వచ్చాక బ్రిడ్జ్ పాదాలు చెక్కించి, సౌండ్‌పోస్ట్ (లోపల పైపలకకీ వెనక పలకకీ మధ్య నిలిచే కర్ర) నిలబెట్టించి, తీగలు మార్పించేసరికి మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది.

తర్వాత ఒక ఇంటికి వెళ్లాం. ఆర్కెస్ట్రాలో చాలాకాలం వాయించి మానేసిన పెద్దాయన తన పాత బేస్ అమ్ముతున్నారు. నాతో పాటు కమానుతో బాగా వాయించగల స్నేహితుణ్ణి తీసుకెళ్లాను. ఈ ప్రయాణంలో ఎక్కువ పనికొచ్చింది అతనే. ఎందుకంటే వాయించేవాడు వాయిద్యం వెనక నిలబడతాడు, నాదం ముందుకి పోతుంది. స్నేహితుడు వాయిస్తుంటే గది అవతలి మూలకి వెళ్లి వింటేనే అసలు గొంతు తెలుస్తుంది. గొంతు అద్భుతం. మీటితే స్వరం చాలాసేపు నిలిచింది. కానీ టార్చి, చిన్న అద్దం పట్టుకుని ఎఫ్ ఆకారపు రంధ్రాల్లోంచి లోపలికి చూస్తే వెనక పలకలో, సౌండ్‌పోస్ట్ ఆనిన చోటే, పగులు కనిపించింది. డబుల్ బేస్‌కి రాగల దెబ్బల్లో ఖరీదైనవాటిలో ఇదొకటి, ఎందుకంటే తీగల ఒత్తిడి సౌండ్‌పోస్ట్ ద్వారా సరిగ్గా అక్కడే పడుతుంది. లోపల పాత జర్మన్ లేబుల్ ఉంది. లేబుల్ చూసి డబ్బు పెట్టకూడదు, అది ఎవరైనా అంటించగల కాగితం. పెద్దాయన ఏమీ దాచలేదు. “పగులుందని నాకు తెలుసు బాబూ, ధర అందుకే తగ్గించాను” అన్నారు. రిపేరు చేయించగల స్తోమత, ఓపిక ఉన్నవాళ్లకి మంచి బేరమే. మొదటి బేస్‌గా నాకు వద్దనిపించింది. సొంతంగా అమ్మేవాళ్ల దగ్గరకి వెళ్తే మెడ, పెట్టె కలిసే చోట సందు ఉందేమో కూడా చూడండి. ఫింగర్‌బోర్డ్ బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయితే దేశం దాటించడానికి కాగితాలు కావాలి. ఆ చెట్టు 1992 నుంచి, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉంది.

బస సంగతి. లూథియర్ (తీగ వాయిద్యాలు చేసి, బాగుచేసేవారు) వర్క్‌షాప్‌కి దగ్గర్లోనే గది తీసుకున్నాను, నచ్చిన బేస్‌ని ఒక రాత్రి గదికి పట్టుకెళ్లనిస్తారని ముందే తెలుసు కాబట్టి. అందుకే బుక్ చేసేటప్పుడు వ్యూ అడగలేదు. కింది అంతస్తు గది ఉందా, లేదంటే లిఫ్ట్ లోపలి ఎత్తెంత అని అడిగాను. ఆరడుగుల మనిషంత పొడవుంటుంది, బరువు మాత్రం పది కిలోల అటూఇటూ. మోయడం కంటే మలుపులు తిప్పడమే కష్టం. రిసెప్షన్‌లో ముందే చెప్పి, రాత్రి ఎనిమిది దాటాక వాయించనని మాటిచ్చాను. కింది స్వరాలు గోడ దాటి పోతాయి, పక్కగదిలో పడుకున్నవాళ్లకి మనకంటే బాగా వినిపిస్తాయి. వాళ్లు ఒప్పుకోవడమే కాదు, చివరి గదికి మార్చారు. ఏసీ గాలి నేరుగా మంచం పక్కనే కొడుతుంటే ఆపేశాను. పైపలక ప్లైవుడ్ కాకుండా అసలు చెక్కదైతే గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండటం మంచిది, మరీ పొడిగా ఉంటే పగుళ్లొస్తాయి.

ఇక వర్క్‌షాప్. లోపలికి అడుగుపెట్టగానే జిగురు, వార్నిష్ వాసన, వరసగా నిలబెట్టిన బేస్‌లు. లూథియర్ బడ్జెట్ అడగలేదు. “మీటుతారా, కమానుతో వాయిస్తారా? ఎవరితో కలిసి వాయిస్తారు?” అని అడిగారు. ఆంప్ పెట్టుకుని చిన్న బ్యాండ్‌లో మీటడమే ఎక్కువ, కమాను నేర్చుకుంటున్నాను అన్నాను. మూడు రకాలు ముందుపెట్టి, తలుపు దగ్గరకి వేసి వెళ్లిపోయారు. ఆ వెళ్లిపోవడమే నాకు బాగా నచ్చింది. పెద్ద స్టోర్‌లో ఎవరో ఒకరు పక్కన నిలబడే ఉన్నారు.

మొదటిది పూర్తి ప్లైవుడ్. దెబ్బలకి, వాతావరణానికి ఓర్చుకుంటుంది, ఆంప్ దగ్గర తొందరగా హౌల్ చెయ్యదు (ఊళ పెట్టదు). చులకనగా చూడాల్సిన పనిలేదు. షికాగోలోని కే కంపెనీ 1930ల చివర్లో మొదలుపెట్టి చేసిన ప్లైవుడ్ బేస్‌ల కోసం ఇవాళ్టికీ వెతికేవాళ్లున్నారు. రెండోది హైబ్రిడ్: పైపలక చెక్కిన స్ప్రూస్ కలప, వెనక, పక్కలు ప్లైవుడ్. మూడోది అంతా చెక్కిందే, స్ప్రూస్, మేపుల్. కమాను పెడితే మూడోదాని ముందు మిగతావి నిలవలేదు. మీటినప్పుడు మాత్రం హైబ్రిడ్‌కీ దానికీ తేడా ధరలో ఉన్నంత లేదు.

ప్రతి తీగ మీదా ఒక్కో అరస్వరం చొప్పున పైకి వెళ్తూ వాయించాను. ఎక్కడో ఒకచోట స్వరం వణికినట్టో మూగబోయినట్టో అవుతుంది, దాన్నే వుల్ఫ్ నోట్ అంటారు. కొద్దిగా ఉండటం మామూలే. హైబ్రిడ్‌లో జి తీగ మీద ఒకచోట వచ్చింది. ఆయన్ని పిలిచి చూపించాను. వంకర ఇనుప పనిముట్టొకటి ఎఫ్ రంధ్రంలోంచి పోనిచ్చి సౌండ్‌పోస్ట్‌ని కొద్దిగా జరిపారు. ఆ కర్రని జిగురుతో అంటించరు, రెండు పలకల మధ్య బిగువు మీదే నిలబడుతుంది. అందుకే తీగలన్నీ ఒకేసారి విప్పకూడదు. జరిపింది ఒక నూలు దూరం ఉంటుందేమో, వణుకు సగం తగ్గింది, ఇ తీగకి బలం వచ్చింది. తర్వాత బ్రిడ్జ్ అడ్జస్టర్లు తిప్పి జి తీగని సుమారు 6 మిల్లీమీటర్లకి, ఇ తీగని 9కి దించారు. ఎలక్ట్రిక్ వాళ్లకి ఇదీ ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఇంకా దించితే తీగ ఫింగర్‌బోర్డ్‌కి కొట్టుకుంటుంది, గొంతూ సన్నబడుతుంది.

బొటనవేలు మెడ మొదలుకి తగిలినప్పుడు జి తీగ మీద చూపుడువేలి కింద ఏ స్వరం పలుకుతుందో కూడా చూసుకున్నాం. కొన్నింటికి డి, కొన్నింటికి ఇ-ఫ్లాట్. రెండూ సరైనవే. ఫ్రెట్లు లేనప్పుడు చేతికి దొరికే గట్టి గుర్తు అదొక్కటే కాబట్టి, అద్దె బేస్ మీద అలవాటైన డి మెడే తీసుకున్నాను.

రాత్రికి హైబ్రిడ్‌ని గదికి తెచ్చుకుని, పొద్దున్న వెళ్లి డబ్బు కట్టాను. అద్దెకి తీసుకుని తర్వాత కొంటే, కట్టిన అద్దెలో కొంత ధరలో తగ్గించే పద్ధతి కూడా అక్కడుంది. డబ్బు ఒక్కసారిగా లేనివాళ్లకి నేను చెప్పేది అదే. సేవలో ఒక్క లోటు: కవర్ నాసిరకం, మెడ దగ్గర దూది లేనట్టే ఉంది. వేరే కొనుక్కోవాల్సి వచ్చింది.

ఇంటికి కారులోనే తెచ్చాం. ముందు ప్యాసింజర్ సీటు పూర్తిగా వెనక్కి వాల్చి, మెడ ముందుకి, పెట్టె వెనక్కి, పక్కకి తిప్పి పడుకోబెట్టాం. బ్రిడ్జ్ మీద ఏ బరువూ పడకూడదు. విమానమైతే గట్టి కేసు కావాలి, ఆ కేసు బరువు వాయిద్యాన్ని మించిపోతుంది. నాకు ఆ టెన్షన్ పడాల్సిన అవసరం రాలేదు.

తీగలు సాగి, చెక్క కొత్తచోటికి అలవాటుపడ్డాక ఒకసారి తెస్తే ఉచితంగా సరిచేస్తామన్నారు, తీసుకెళ్లాను. బ్రిడ్జ్ అప్పటికే ఫింగర్‌బోర్డ్ వైపు కాస్త ఒరిగింది. శ్రుతి చేసినప్పుడల్లా తీగలు దాన్ని అటు లాగుతాయట. రెండు చేతులతో పట్టుకుని ఎలా నిలబెట్టాలో నాచేత చేయించి మరీ పంపారు. పికప్ (వాయిద్యం నాదాన్ని ఆంప్‌కి పంపే సాధనం) కూడా ఆరోజే పెట్టించాను. పీజో పికప్‌ని నేరుగా నా పాత బేస్ ఆంప్‌కి తగిలిస్తే ముక్కుతో మాట్లాడుతున్నట్టుంది. ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (లోపలికొచ్చే సిగ్నల్‌కి నిరోధం) బాగా ఎక్కువున్న ప్రీఆంప్ మధ్యలో పెట్టాక సరిపోయింది.