ఫైబర్ బోటుకి 5 హెచ్.పి. స్టాండ్‌బై మోటారు: కొన్నేళ్లు వాడాక నా మాట

మా 22 అడుగుల ఫైబర్ బోటు వెనక, మెయిన్ ఇంజను పక్కనే, అది ఆగిపోతే పనికొచ్చేలా 5 హెచ్.పి. ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు బిగించి కొన్నేళ్లయింది. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి పూడిమడక వైపో భీమిలి దాటో గేలాల వేటకి పోతుంటాం, ఒడ్డు మసకబారే దూరం వెళ్లాక ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం. మోటారు మంచిదే, మళ్లీ కొనమన్నా కొంటాను. కానీ ఇంజను ఆగిపోతే ఎలా అని ఆలోచించేవాళ్లు డబ్బు ముందు దీని మీద పెట్టకండి.

ఎందుకంటే ఇంజను ఆగేది ఎక్కువసార్లు పెట్రోల్ వల్లే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసింది, ఇథనాల్ గాలిలో తేమని లాగేసుకుంటుంది, తేమ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, పైపు పీల్చేదీ ఆ అడుగు నుంచే. రెండు ఇంజన్లకీ ఒకటే ట్యాంకు అయితే మొదటిది ఏ కారణంతో ఆగిందో రెండోది కూడా అదే కారణంతో ఆగుతుంది. అందుకే చిన్న మోటారుకి వేరే పది లీటర్ల క్యాను పెట్టాం, దాన్ని నెలల తరబడి ఉంచం, కొత్త పెట్రోల్ పోసి పాతది స్కూటర్‌కి వాడేస్తాం.

మెయిన్ ఇంజను లైన్‌లో నీళ్లు వేరు చేసే ఫిల్టర్ తప్పనిసరి, అడుగున గాజులా కనిపించే గిన్నె ఉన్నదే కొనండి. ఒకసారి పూడిమడక బయట ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గిన్నెలో చూస్తే పెట్రోల్ కింద నీటి బొట్లు పూసల్లా దొర్లుతున్నాయి. అడుగు మర తిప్పి వంపేసి, కొత్త ఫిల్టర్ బిగించి, పెట్రోల్ పైపు మీది చేతి బల్బు (రబ్బరు పంపు) గట్టిపడేదాకా నొక్కితే స్టార్ట్ అయింది. చిన్న మోటారు ముట్టుకోవలసిన పనే పడలేదు.

అంతసేపూ బోటు కెరటాలకి అడ్డం తిరగకుండా పట్టింది సీ యాంకర్, అంటే తాడు కట్టి నీళ్లలోకి వదిలే గుడ్డ గొడుగు లాంటిది. మన తీరంలో కొంచెం లోపలికి పోతే చాలు, లోతు గబగబా పెరుగుతుంది. 40 మీటర్ల లోతులో లంగరు పట్టాలంటే లోతుకి కనీసం ఐదింతలు, అంటే 200 మీటర్ల తాడు కావాలి, చిన్న బోటులో అంత తాడు ఎవరు పెడతారు? సీ యాంకర్‌కి లోతుతో పని లేదు, ముక్కు నుంచి వదిలితే నీళ్లలో విచ్చుకుని బోటుని కెరటానికి ఎదురుగా నిలబెడుతుంది. కొట్టుకుపోవడం ఆగదు, నెమ్మదిస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంబడి నీటి లాగుడు ఎక్కువగా ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి. వెతికేవాళ్లకి ఇది పనికొస్తుంది కాబట్టి ఎక్కడ ఆగామో, ఎన్ని గంటలకో రాసి పెట్టుకోండి.

ఇక వీహెచ్ఎఫ్ సెట్, అంటే బోటులో పెట్టుకునే రేడియో, సాయం పిలవడానికి 16వ ఛానెల్. ప్రాణాపాయం లేకుండా ఇంజను మాత్రమే ఆగితే ప్రాణాపాయానికి వాడే ‘మేడే’ కాదు, ‘పాన్ పాన్’ అని పిలవాలి. సిగ్నల్ ఉన్న చోట కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

ఇన్నీ ఉన్నాకే చిన్న మోటారు. నీళ్లు ప్రశాంతంగా ఉంటే నాలుగున్నర నాట్లు (గంటకి ఎనిమిది కిలోమీటర్ల పైన) వేగం ఇస్తుంది, 20 కిలోమీటర్లు రావడానికి రెండున్నర గంటలు. ఎదురుగాలి ఉంటే రెండు నాట్లకి పడిపోతుంది, అదే దూరం ఐదు గంటలు పైనే. గంటకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగుతుంది, పది లీటర్ల లెక్క అక్కడి నుంచే వచ్చింది. దీన్ని నమ్ముకుని తుఫాను హెచ్చరిక రోజున బయటికి పోవడం మాత్రం పిచ్చితనం.

మోటారు కంటే దాని బ్రాకెట్‌తోనే నాకు పేచీ. స్టీల్ అని అమ్మిన బోల్టులు మా ఉప్పుగాలికి తొందరగానే తుప్పు పట్టాయి, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించాక ఇప్పటిదాకా బాగున్నాయి. ప్రతిసారీ హార్బర్ దాటగానే పది నిమిషాలు చిన్న మోటారు మీదే నడుపుతాం, పక్కనుంచి నీటి ధార గట్టిగా పడుతోందో లేదో చూస్తాం, పడకపోతే ఇంపెల్లర్ (ఇంజను చల్లబరిచే నీళ్లు తోడే చక్రం) పోయి ఉండొచ్చు, ఆ రోజు వేట మానుకుని వెనక్కి వచ్చేస్తాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు మంచినీళ్లతో కడిగి, కార్బురేటర్ ఖాళీ చేసి ఒడ్డున పెడతాం.