‘పాత బియ్యం’ పేరుతో ముక్కిపోయిన సరుకు: బస్తా తిరిగి ఇచ్చేయకండి

రావులపాలెం పరిసరాల్లోని ఒక టోకు దుకాణంలో ‘ఏడాది పాత స్వర్ణ’ అని చెప్పి అమ్మిన 26 కిలోల బస్తాల్లో పైపైన తెల్లటి పొడి బియ్యం ఉండగా, అడుగున ఉండలు కట్టి ముక్కిపోయిన గింజలు, ఎలుక పెంటికలు, చచ్చిన పురుగులు బయటపడ్డాయి. తడిసి రంగు మారిన బియ్యాన్ని మళ్లీ పాలిష్ పట్టి మంచి బియ్యంలో కలిపితే కంటికి ఆనదు. కడిగేటప్పుడు వచ్చే వాసనే దాన్ని పట్టిస్తుంది.

అలాంటి బస్తా ఒకటి నేనూ కొన్నాను. దుకాణదారు మర్యాదగానే మాట్లాడి, బస్తా తెచ్చిస్తే వేరేది ఇస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. అలా మార్చుకున్న ఇరుగుపొరుగు వారి చేతిలో ఇప్పుడు ఏ ఆధారమూ లేదు, వెనక్కి వెళ్లిన బస్తా మరో ఇంటికి చేరదన్న పూచీ అంతకన్నా లేదు.

ఆ బస్తానూ బిల్లునూ చూపి ఆహార భద్రతా అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయగా, ఆయన దుకాణానికి వచ్చి అదే లాటులోని సరుకు నుంచి నమూనా తీసి, నాలుగు భాగాలుగా సీలు వేసి, మిగిలిన బస్తాలు అమ్మకుండా నిలిపివేశారు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ధాన్యంలో జంతు సంబంధమైన మలినాలు బరువులో 0.10 శాతం మించరాదు. సరుకు నాసిరకమని తేలితే 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. ఇదే చట్టంలోని 40వ సెక్షన్ కింద కొనుగోలుదారు కూడా రుసుము చెల్లించి పరీక్ష చేయించుకోవచ్చు, సరుకు ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే ఆ రుసుము వాపసు వస్తుంది. అయితే పరీక్ష చేయించే ఉద్దేశం ఉన్నట్టు కొనే సమయంలోనే అమ్మేవాడికి చెప్పాలి. వాడకముందే అనుమానపడమనే ఈ షరతు సామాన్యుడికి ఎలా అందుతుందో నాకు బోధపడదు గానీ, పెళ్లికో అన్నదానానికో పెద్ద మొత్తంలో కొనేవారు ఆ మాట ముందే అనవచ్చు. ఆ మాట వినగానే దుకాణదారు ముఖం మారితే, బేరం అక్కడితో మానుకోవడమే మేలు.

లేబుల్ వేసి అమ్మే బియ్యం బస్తాలకు జీఎస్టీ 25 కిలోల వరకే కాబట్టి, ఆ పన్ను తప్పించుకోవడానికి పుట్టుకొచ్చిన ఈ 26 కిలోల బస్తా మీద కూడా 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య, లాటు సంఖ్య ఉండవలసిందే. నా బస్తా మీద లాటు సంఖ్య సగం చెరిగిపోయి ఉంది. ఈ మధ్య ఆ ప్రాంతంలో ఇలాంటి బస్తా కొన్నవారు కుట్టు, లేబుల్ చెడకుండా దాన్ని విడిగా పొడిచోట ఉంచి, బిల్లు నకలుతో జిల్లా ఆహార భద్రతా అధికారికి మీరూ ఫిర్యాదు ఇవ్వండి.