కంటి కింద ఉబ్బుకి ఫిల్లరా, ఆపరేషనా: 6 ఏళ్లలో నాకు తెలిసింది

నాకు 39 ఏళ్లప్పుడు మొదలైంది ఈ గోల. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒక అత్తయ్య "ఏమ్మా, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదా?" అని అడిగేది, ఎనిమిది గంటలు హాయిగా పడుకుని వెళ్లినా సరే. కళ్ల కింద ఉబ్బు, కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు, అంతే నా సమస్య. ఇప్పుడు 45.

బొటాక్స్‌తో నాకు పేచీ లేదు. కనుబొమల మధ్య ఐదు చోట్ల సన్న సూదితో గుచ్చారు, చీమ కుట్టినట్టు ఉంటుంది, పది నిమిషాల పని. నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతం ఆగిపోతుంది కాబట్టి అక్కడ ముడి పడదు. రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలకి మళ్లీ మామూలే, అంటే ఎప్పటికీ తీరని ఈఎంఐ అన్నమాట. మొదటిసారి చేయించుకున్న కొత్తలో మా అబ్బాయిని తిడుతుంటే, వాడు నా మొహంలోకి చూసి "నిజంగానే కోపం వచ్చిందా అమ్మా?" అన్నాడు.

ఫిల్లర్ (చర్మం కింద సూదితో నింపే జెల్) దగ్గరే దెబ్బ తిన్నా. కంటి కింద గుంట నింపేస్తే ఉబ్బు కనబడదు, ఆపరేషన్ ఎందుకు అన్నారు ఒక క్లినిక్‌లో (అక్కడ ఆపరేషన్ చేసే డాక్టరే లేరని తర్వాత తెలిసింది). నెల రోజులు బాగుంది. ఆ తర్వాత పొద్దున లేచేసరికి ముందుకన్నా ఎక్కువ ఉబ్బు, ట్యూబ్‌లైట్ కింద చూస్తే నీలంగా ఒక చార. ఆ జెల్‌లో ఉండే హైలురానిక్ యాసిడ్ నీటిని పట్టి ఉంచుతుందట, నాకు అదే తంటా అయింది. ఏడాది దాటినా పోకపోతే కంటి ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లా, దాన్ని కరిగించే హైలురోనిడేజ్ ఇంజెక్షన్‌తో రెండు రోజుల్లో పోయింది. అప్పుడు ఆవిడ చేతికి అద్దం ఇచ్చి, తల కదపకుండా పైకి చూడమన్నారు. చూస్తే ఆ సంచులు ఇంకా పొంగాయి. "ఇది చర్మం కాదమ్మా, లోపలి కొవ్వు ముందుకు తోసుకొచ్చింది, దీనికి క్రీములు, సూదులు ఏం చేస్తాయి?" అన్నారు.

చివరికి ఆపరేషనే చేయించుకున్నా. కింది రెప్ప లోపలి వైపు నుంచి చేశారు, బయట కుట్లు లేవు. పది రోజులు సెలవు పెట్టా, తల కింద రెండు దిండ్లు, ఐస్ ప్యాకులు. మూడో రోజు కిందికి దిగితే వాచ్‌మన్ భార్య నా కళ్ల కింద కమిలిన మచ్చలు చూసి, తర్వాత మా ఆయన వైపు అదోలా చూసింది పాపం. పూర్తిగా సర్దుకోవడానికి మూడు నెలలు పట్టింది. రెండేళ్లయింది, ఉబ్బు మళ్లీ రాలేదు. నల్లటి వలయాలు మాత్రం అలాగే ఉన్నాయి, అవి పోవని ముందే చెప్పారు. ఫిల్లర్‌కి, దాన్ని కరిగించడానికి పెట్టిన డబ్బు తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

ముడతలకి ట్రెటినాయిన్ (విటమిన్ ఎ రకం మందు) 0.025 శాతం క్రీము రాత్రిళ్లు వాడుతున్నా, మొదటి నెలన్నర మొహమంతా పొట్టు లేచింది, ఓర్చుకోవాలి. గర్భంతో ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు. లేజర్ నేను చేయించుకోలేదు, మన చామనఛాయకి కాస్త ఎక్కువైతే నల్ల మచ్చలు పడతాయని భయం.

ఇప్పుడు దవడ దగ్గర జారడం మొదలైంది. థ్రెడ్స్ (చర్మం కింద దారాలు వేసి పైకి లాగడం) వేయించుకోమని వారానికో వాట్సాప్ మెసేజ్ వస్తోంది. సర్జన్‌ని అడిగితే, ఫేస్‌లిఫ్ట్‌కి (జారిన మొహాన్ని బిగించే ఆపరేషన్‌కి) ఇంకా టైముంది, సన్‌స్క్రీన్ మానకండి, బరువు పెరగడం తగ్గడం లేకుండా చూసుకోండి అన్నారు. సన్‌స్క్రీన్ రోజూ రాస్తున్నా. బరువు సంగతి అడక్కండి.