ఇంట్లో పెంచడానికి ఎచెవేరియానా, హవర్తియానా?

రెండూ అరచేతిలో పట్టే సక్యులెంట్లే, ఆకుల్లో నీళ్లు దాచుకునేవే. కానీ నాలుగు గోడల మధ్య పెంచాలంటే నా ఓటు హవర్తియాకే.

అందంలో ఎచెవేరియాకు సాటి లేదు, విచ్చిన పువ్వులా ఉంటుంది. అయితే దాని సొంతగడ్డ ఎక్కువగా మెక్సికో, నేరుగా ఎండ తగలాలి. వెలుతురు చాలకపోతే కాండం సాగుతుంది, ఆకుల మధ్య ఎడం పెరుగుతుంది, మొక్క మొత్తం కిటికీ వైపు వాలుతుంది. అలా సాగిన కాండం మళ్లీ పొట్టిగా మారదు. తల భాగం కోసి, కొన్ని రోజులు ఆరనిచ్చి, కొత్తగా నాటుకోవాల్సిందే. ఆకుల మీది బూడిదలాంటి పూతను వేలితో తాకారంటే చెరిగిపోతుంది, ఆ ముద్ర అలాగే ఉండిపోతుంది.

హవర్తియా దక్షిణాఫ్రికాది. పొదల నీడలో, రాళ్ల సందుల్లో బతకడం దానికి అలవాటు. కొన్ని రకాల ఆకు కొసలు గాజు ముక్కల్లా ఉంటాయి. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి, ఎంత ముచ్చటగా ఉంటాయో! వాటి గుండానే వెలుగు ఆకు లోపలికి దిగుతుంది. అందుకే కిటికీకి కాస్త దూరంగా ఉన్నా సర్దుకుంటుంది. మండే ఎండ పడితేనే ఎర్రబారుతుంది.

రోజూ నాలుగైదు గంటలు ఎండ పడే కిటికీ ఉన్నవాళ్లు మాత్రం ఎచెవేరియాను వదులుకోవద్దు.

నీళ్ల విషయంలో తేడా తక్కువ. కుండీకి అడుగున చిల్లు ఉండాలి, మట్టి పూర్తిగా ఆరాకే పోయాలి. ఆకులు ముడతలు పడితే సాధారణంగా దాహమే, టెన్షన్ పడక్కర్లేదు. మెత్తబడి పసుపు రంగులోకి తిరిగితే వెంటనే కుండీలోంచి తీసి వేళ్లు కుళ్లాయేమో చూడండి.